మోటుపల్లి రేవు – ఒక రాతికంబము చెప్పు సముద్ర చరిత్ర

ఓడల చరిత్రమును, సముద్రయానమును గూర్చి తెలుపు ప్రదర్శనశాల యనగానే మనవారికి విశాఖపట్టణము జ్ఞప్తికి వచ్చును. అచ్చట డచ్చివారి కాలపు బంగళాలో 1991లో నెలకొన్న మ్యూజియము కలదు. 1969 నుండి 2001 వరకు నౌకాదళమున కొలువు చేసిన 'కురుసుర' అను జలాంతర్గామిని 2002లో ఒడ్డునకు చేర్చి ప్రజల దర్శనార్థమై నిలిపినారు. మన పాఠశాలల పిల్లలు విహారయాత్ర పేరిట రాత్రియంతయు రైలులో ప్రయాణము చేసి వానిని చూచి వచ్చుచున్నారు. సంతోషమే. కాని ఆ పిల్లలెక్కిన రైలు చినగంజాము స్టేషను దాటునపుడు, తూర్పున కొలది మైళ్ళ దూరమున నున్న మోటుపల్లిని గూర్చి వారికి చెప్పినవారు అరుదు. ఏడువందల యెనుబది సంవత్సరములకు పూర్వము సముద్ర వర్తకులకై చెక్కించిన యొక రాతికంబము ఆ గ్రామమున వీరభద్రస్వామి యాలయ మండపమున నున్నది. దానికి అద్దాల బీరువా లేదు. చూచుటకు రుసుము లేదు.

మోటుపల్లి ఒంగోలునకు ఈశాన్యమున, చీరాలకు నైరుతిగా, వేటపాలెమునకు దక్షిణమున నున్న తీరగ్రామము. ఇది మొదట గుంటూరు జిల్లాలో బాపట్ల తాలూకాకు చెంది, 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరి, 1972లో ఆ జిల్లాతో పాటు ప్రకాశముగారి పేరు దాల్చి, 2022లో బాపట్ల జిల్లా పాలయినది. జిల్లాలు మారిన కొలది ఈ యూరి పేరు ఏ జిల్లా చరిత్రమున వ్రాయవలెనో వ్రాసెడివారికే తెలియకుండ బోయినది కాబోలు! శాసనములలో ఈ గ్రామమునకు వేరు పేర్లును కలవు. దేశియుయ్యకొండ పట్టణమని యొకటి, ముకుళపురమని మరియొకటి. పట్టణము, పురము అను మాటలు నేటి గ్రామమును చూచినవారికి వింతగా తోచవచ్చును.

మన తీరమున ఓడ వ్యాపారము కాకతీయులతో మొదలైనది కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ కృష్ణా ముఖద్వార ప్రాంతమును మైసోలియా యని పేర్కొని, అచ్చటి వర్తక స్థానములలో కంటకోస్సిల యను దానిని చెప్పెను. అది నేటి ఘంటసాల. అచ్చటి ప్రాకృత శాసనములలో శివకుడను 'మహానావికు'ని పేరు కలదు. శాతవాహనులు ఓడ బొమ్మతో సీసపు నాణెములు పోయించిరి. కొన్నిటిపై రెండు కూపస్తంభములు స్పష్టముగా కన్పట్టును. రాజులు తమ నాణెముపై సింహమును, ఏనుగును వేయించుకొనుట వాడుక. ఓడను వేయించుకొన్న రాజునకు ఓడవలన రాబడి యెంత యుండెనో మనము ఊహించుకొనవచ్చును. ఆ కాలమును గూర్చి ఇంతకంటె నిచ్చట చెప్పనక్కరలేదు. మన ముఖ్యవిషయము మోటుపల్లి కంబము.

ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవ చక్రవర్తి 1199 నుండి 1262 వరకు రాజ్యము చేసెను. ఆయన తాతతండ్రుల రాజ్యము మెట్టభూములది. సముద్రపు గాలి సోకినది కాదు. గణపతిదేవుడు కృష్ణా తీరమును, దివిసీమను, వెలనాటిని వశపఱచుకొనిన పిమ్మట కాకతీయులకు సముద్రతీరము లభించెను. లోపలిభూముల రాజునకు రేవెందులకనగా, మొదటి యవసరము గుఱ్ఱములు. మన దేశపు గుఱ్ఱములు యుద్ధమునకు చాలవు. అరబ్బు, పారశీక దేశముల నుండి అవి ఓడలపై రావలెను. రెండవది సుంకపు రాబడి. ఈ రెండును ఓడవర్తకుడు రేవునకు వచ్చిననే కలుగును. వర్తకుడు రావలెనన్న భయము పోవలెను.

ఆ భయమెట్టిదో శాసనమే చెప్పుచున్నది. శాలివాహన శకము 1166, క్రోధి నామ సంవత్సరమున, అనగా 1244-45లో వేయించిన యీ శాసనమునకు అభయశాసనమని పేరు. సంస్కృతమును తెలుగును గలిసిన యీ శాసనపు భావమిది: ఒక దేశము నుండి వేఱొక దేశమునకు బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, తలచని తీరమునకు కొట్టుకొని వచ్చినపుడు, పూర్వపు రాజులు వానిలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను సర్వమును బలాత్కారముగా లాగుకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే యెక్కువయని తలచి సముద్రయానమను మహాసాహసమునకు ఒడిగట్టినవారి యెడల దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును మేము నియమించిన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుచున్నాము.

ఇందు నాకు మిక్కిలి నచ్చిన సంగతి, శాసనకర్త పూర్వరాజుల దోషమును దాచకుండుట. సాధారణముగా శాసనములలో పూర్వరాజులు సూర్యచంద్రులతో సమానులు. వారు దోచుకొనిరని ఱాతిమీద చెక్కించుట సామాన్యము కాదు. వర్తకులు దోపిడిని మఱచియుండరని గణపతిదేవునకు తెలియును. జరుగలేదని చెప్పినచో వారు నమ్మరు. జరిగినది, ఇక జరుగదు అని చెప్పిననే నమ్ముదురు.

ఈ దోపిడి మన తీరమునకే పరిమితమని తలపరాదు. పగిలిన ఓడ ఒడ్డుకు వచ్చిన అది ఆ తీరపు ప్రభువుదే యను ఆచారము నాటి ప్రపంచమున చాలచోట్ల నుండెను. గణపతిదేవుని తరువాత అర్ధశతాబ్దమునకు మన తీరములను గూర్చి వ్రాసిన మార్కోపోలో మలబారు తీరమున ఏలి రాజ్యమందలి యొక యాచారమును చెప్పెను. మఱియొక రేవునకు పోవలసిన ఓడ దారితప్పి తమ రేవునకు వచ్చినచో, నీవు వేరుచోటికి బయలుదేరితివి, దైవము నిన్ను మాకు పంపినది యని చెప్పి అచ్చటివారు సర్వము నపహరింతురట. ఇంగ్లండు దేశమున మొదటి ఎడ్వర్డు రాజు 1275లో చేయించిన వెస్టుమినిస్టరు చట్టమున ఈ విషయమై ఒక నిబంధన కలదు. పగిలిన ఓడ నుండి ఒక మనుష్యుడు గాని, ఒక కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో, ఆ సరకును దిక్కులేని సొత్తుగా నెంచరాదు, సొంతదారు సంవత్సరము లోపల వచ్చి అడుగవచ్చును. మోటుపల్లి శాసనము దీనికంటె ముప్పది సంవత్సరములు ముందు పుట్టినది. పిల్లి బ్రదుకవలెనను షరతు దానిలో లేదు. ఎవరు ముందు, ఎవరు వెనుక యని గర్వించుటకై యీ మాట వ్రాయుట లేదు; రెండు దేశములును ఒక్క చిక్కునే యొక్క శతాబ్దమున విప్పజూచినవని మాత్రము తెలుపుచున్నాను.

శాసనమున ఎగుమతి దిగుమతులకు సుంకము ముప్పదింట నొకవంతని నిర్ణయింపబడినది. తరువాత సరకుల పట్టిక కలదు. ఆ పట్టికను చదువుచున్నచో రేవు కన్నులకు కట్టినట్లుండును. శ్రీగంధము, దేశవాళి కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు. పన్నీరు, ఏనుగు దంతము, జవ్వాది, కర్పూర తైలము. రాగి, తుత్తునాగము, సీసము. పట్టునూలు, పగడములు, పరిమళ ద్రవ్యములు. మిరియములు, పట్టుబట్టలు, పోకలు. కొన్నిటికి తూకము పైని, కొన్నిటికి వెలపైని, పోకలకు లెక్కపైని సుంకము. లక్ష పోకలకు ఒక గద్యాణమును పైచిల్లరయు. ఇట్లు ముందుగా రేట్లు ఱాతిమీద చెక్కించుటలోని మేలు వర్తకులైన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. సుంకరి నోటిమాటకు వదలిన సుంకము ప్రొద్దుట నొకటి, సాయంకాలము నొకటి యగును. ఱాతిమీది యంకె అట్లు పెరుగదు.

మన ప్రాంతపు రైతులీ పట్టికను చూచి ఒక సంగతి గమనింపవచ్చును. మిరియములు కలవు గాని మిరపకాయ లేదు. పొగాకును లేదు. నేడు గుంటూరు సీమ పేరు చెప్పినంతనే మిరపకాయయు, ఒంగోలు పేరు చెప్పినంతనే పొగాకును దేశమునకు స్మరణకు వచ్చుచున్నవి. ఆ రెండును అమెరికా ఖండపు మొక్కలు. పోర్చుగీసువారు సముద్రమార్గమున మన దేశమునకు వచ్చిన తరువాతనే, అనగా పదునాఱవ శతాబ్దిలోను ఆ తరువాతను మనకు చేరినవి. గణపతిదేవుని కాలపు మన పూర్వులు పచ్చడిలో కారమునకు మిరియము నూరుకొనిరి. ఆ మిరియమును దూరపు రేవుల నుండి కొని తెచ్చుకొనవలసి వచ్చెను. మన పొలములలోని యీ రెండు పైరులును ఓడలెక్కి వచ్చినవే యని తలచుకొన్నచో, సముద్ర చరిత్రము బెస్తపల్లెల చరిత్రము మాత్రమే కాదని తేటపడును.

ఇక మార్కోపోలో మాట. ఈ వెనీసు దేశస్థుడు చీనా నుండి స్వదేశమునకు ఓడలో తిరిగి పోవుచు, 1292-93 ప్రాంతమున దక్షిణ హిందూదేశపు తీరములను దాటెను. ఆయన గ్రంథమున 'ముత్‌ఫిలి' యను రాజ్యము వర్ణింపబడినది. అది మోటుపల్లియే యని విద్వాంసులు నిశ్చయించినారు. రేవు పేరునే ఆయన రాజ్యమునకు పెట్టెను. విదేశీయునకు రేవే రాజ్యము. ఆ రాజ్యమును ఒక రాణి యేలుచున్నదనియు, భర్త మరణించినది మొదలు నలువది సంవత్సరములుగా ఆమె న్యాయముతో పాలించుచున్నదనియు వ్రాసెను. ఇది రుద్రమదేవిని గూర్చిన మాట యనుటలో సందేహము లేదు. కాని రుద్రమ గణపతిదేవునకు కూతురు, భార్య కాదు. ఆమె రాజ్యకాలము 1262 మొదలు 1289 వరకే. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనమువలన ఆమె 1289లో మరణించిన సంగతి తెలియుచున్నది. అనగా మార్కోపోలో మన సముద్రమున నున్ననాటికి ప్రతాపరుద్రుడు సింహాసనమున నుండెను. కాబట్టి ఆయన చెప్పినది కంటితో చూచినది గాక, రేవులలో నావికుల నోట విన్నదని తోచుచున్నది. మరణించి మూడు నాలుగేండ్లయినను ఆమె న్యాయపాలన మాట రేవులలో చెప్పుకొనుచునే యుండిరన్నమాట. చూచి వ్రాసినదానికంటె విని వ్రాసినదే యిచ్చట ఆమెకు గొప్ప సాక్ష్యమని నా యభిప్రాయము.

ఆయన చెప్పిన వజ్రముల కథయు అట్టిదే. లోతైన కనుమలలో పాముల నడుమ వజ్రములుండుననియు, జనులు మాంసఖండములను క్రిందికి విసరగా వజ్రములు వానికి అంటుకొనుననియు, గ్రద్దలు ఆ మాంసము నెత్తుకొని రాగా వజ్రములను తీసికొందురనియు వ్రాసెను. అరబ్బుల సిందుబాదు కథలోను ఇదే వచ్చును. కృష్ణ యొడ్డున గనులలో కూలివారు మట్టి కడిగి వజ్రములను వెదకిరి గాని గ్రద్దల సాయము కోరలేదు. అయినను ఆయన చెప్పినదంతయు కట్టుకథ కాదు. ఈ దేశపు నూలుబట్టలు సాలెపురుగు గూటివలె సన్ననైనవనియు, వానిని ధరించుటకు ఏ రాజైనను రాణియైనను సంతోషింతురనియు చెప్పెను. చీరాల, వేటపాలెముల మగ్గములను చూచినవారు దీనిని నమ్మకపోరు. లోకమున కెల్ల పెద్ద గొఱ్ఱెలు ఇచ్చటనే కలవని కూడ వ్రాసెను. ఇది అతిశయోక్తియే. కాని భారతదేశపు గొఱ్ఱెజాతులలో మిక్కిలి యెత్తైనది నెల్లూరు గొఱ్ఱె యన్నచో, ఆ నావికులు పాపము పూర్తిగా కల్పించి చెప్పలేదని ఒప్పుకొనవలసి యుండును.

మోటుపల్లి యందు కొండచాటు గాని, లోతైన ఏటిమొగ గాని కలదా యని యడిగినచో, లేదు. మన తీరమంతయు తిన్నని యిసుక; బారులు తీరిన కెరటములు. పెద్ద ఓడ ఒడ్డుకు రాజాలదు. దూరమున లోతునీటిలో లంగరు వేసి నిలుచును. సరకును ఒడ్డునకు చేర్చునవి పడవలు, తెప్పలు. ఈ తీరమున వాడిన మాసులా పడవ నిర్మాణము మెచ్చదగినది. దానికి ఇనుప మేకులుండవు. పలకలకు అంచుల వెంట రంధ్రములు చేసి, కొబ్బరి పీచు త్రాటితో కుట్టుదురు. మేకులతో బిగించిన పడవ కెరటము నెత్తుకొని యిసుకకు కొట్టగనే చీలిపోవును. కుట్టిన పడవ ఒడలు విరుచుకొన్నట్లు వంగి మరల సరియగును. యూరోపీయులు మద్రాసులో దిగినపుడు, తమ దృఢమైన ఓడపడవలను విడిచి, ఈ కుట్టుపడవలలోనే ఒడ్డు చేరవలసి వచ్చెను. రాజు ఱాతిమీద ఎంత అభయ మిచ్చినను, గంధపు మూటను ఆ మూడు వరుసల కెరటములు దాటించినది పల్లెకారుల చేయి. వారి పేర్లు ఏ శాసనమునను లేవు.

ఋతువులును ఇట్లే రేవును పాలించినవి. ఆశ్వయుజ కార్తికములలో తుఫానులు వచ్చును గనుక ఆ నెలలలో లంగరు వేసియుండుట ప్రాణాపాయము. 1864 నవంబరు 1వ తేదీన బందరు పట్టణమును ముంచిన ఉప్పెనలో ముప్పదివేల మంది వఱకు మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన మన పెద్దల యెఱుకలోనిదే. గణపతిదేవుని శాసనమునందలి గాలివాన, పగిలిన ఓడ, తలచని తీరము అను మాటలు కవిసమయములు గావు. ఈ తీరమున ప్రతి రెండు మూడు తరములకును నిజమైన సంగతులు.

ఓరుగల్లు 1323లో పడిపోయినది. తరువాత తీరమున ఎవరి మాట చెల్లునో తెలియని కాలము కొంత నడచినది. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి రాజ్యము స్థాపించెను. ఆయన కుమారుడు అనపోతారెడ్డి కాలమున కొండవీడు రాజధానియయ్యెను. అనపోతారెడ్డి శాలివాహన శకము 1280, విళంబి సంవత్సరమున, అనగా 1358లో మోటుపల్లిలో మరల నొక శాసనము వేయించెను. అది సంస్కృతము, తెలుగు, తమిళము అను మూడు భాషలలో నున్నది. చదువవలసినవారు ఎవరో దీనివలననే తెలియుచున్నది. ఈ రేవున తెలుగు కోమట్లతో పాటు తమిళదేశపు వర్తకులును, నానాదేశి పెక్కండ్రను వర్తకసంఘముల వారును మసలుచుండిరి. అర్థము కాని భాషలో అభయమిచ్చిన ప్రయోజనమేమి?

అనపోతారెడ్డి శాసనము గణపతిదేవుని దానికంటె ఒక మెట్టు ముందునకు పోయినది. మోటుపల్లిలో కాపురముండ వచ్చిన వర్తకులకు భూమి నిచ్చి ఆదరింతుమనియు, వారు మరల వెడలిపోదలచినపుడు ఆపక పోనిత్తుమనియు, సరకును వారిష్టము వచ్చినవారికి అమ్ముకొనవచ్చుననియు, బలవంతముగా ఎత్తుకొనమనియు చెప్పినది. ఇంకొక మేలుకూడ కలదు. అపుత్రిక దండమును తీసివేసినారు. కొడుకులు లేక చనిపోయినవాని ఆస్తి రాజుదగుట అపుత్రిక దండము. పరదేశి వర్తకునకు ఇదెంత యపాయమో ఆలోచింపుడు. అతని భార్యాబిడ్డలు సముద్రమునకు ఆవల నుందురు. ఇచ్చట జ్వరముతో నాలుగు దినములలో మరణించినచో, కొడుకు లున్నారని యెవరు సాక్ష్యము పలుకుదురు? కొట్లోని సరకంతయు రాజముద్ర పడి పోవును. గణపతిదేవుడు సముద్రపు ప్రమాదమునుండి వర్తకుని కాచినాడు. అనపోతారెడ్డి ఒడ్డుననున్న ప్రమాదమునుండి కూడ కాచినాడు.

రెండు శాసనముల నడుమ నూటపదునాలుగు సంవత్సరములు గడచినవి. మొదటి మాట అట్లే చెల్లుచుండినచో రెండవ మాట అవసరమయ్యెడిది కాదు. రాజ్యము పడిపోగానే పాత దోపిడి మరల తల యెత్తి యుండవలెనని నేననుకొందును. ఱాయి నిలిచియుండగనే మాట పోవచ్చును. చరిత్రకారులు కొందరు అభయశాసనమును రాజు దయాగుణమునకు తార్కాణముగ మాత్రమే వర్ణింతురు. దయ యుండవచ్చును. కాని వర్తకుడు రానిచో గుఱ్ఱము రాదు, సుంకము రాదు అను లెక్కయు దాని వెనుక నున్నది. లెక్క తెలిసిన దయ యగుటవలననే అది యంత వివరముగ నున్నదని చెప్పిన రాజునకు తక్కువ కాదు.

రెడ్డిరాజుల కాలమున ఈ వ్యాపారపు వైభవమును తెలుపు మరియొక సాక్ష్యము సాహిత్యమున కలదు. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అంకిత మొందిన అవచి తిప్పయసెట్టి ఓడవర్తకుడు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు పరిమళ ద్రవ్యములు సమకూర్చినవాడు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనా పట్టు ఆయన ఓడలలో వచ్చినవని ఆ కావ్యపు అవతారిక వలన తెలియును. హురుమంజి యనగా పారశీక సముద్రపు మొగను గల హార్ముజు. కావ్యమునందలి యీ పట్టికను, రాతికంబముపైని పట్టికను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మన గ్రంథాలయ పాఠకులకు మంచి కాలక్షేపము.

1390లో విజయనగర యువరాజు దేవరాయల శాసనము మోటుపల్లిలో వెలసినది. రెడ్డిరాజ్యము పదునైదవ శతాబ్ది మొదటి పాదమున అంతరించెను. తరువాత గజపతులు, రాయలు, గోలకొండ పాదుషాలు. రాజధాని మారిన కొలది దానికి అనువగు రేవు మారును. గోలకొండకు బందరు దగ్గర. డచ్చివారు 1606లో నేటి నిజాంపట్టణమగు పెద్దపల్లిలో కొట్టు పెట్టిరి. ఇంగ్లీషువారి 'గ్లోబు' ఓడ 1611లో పెద్దపల్లిని చూచి బందరు చేరినది. ఆ కంపెనీ పత్రములలో పెట్టపోలి, మచిలీపట్నము పదేపదే వచ్చును.

రేవు పోయినను మన తీరమునకు సముద్రముతో సంబంధము తెగలేదు. చీరాలలో నూనెయు, ఆముదపు కాయల బూడిదయు పట్టించి, ఎఱ్ఱరంగు వేసి నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశములకు ఓడలలో పోయినవి. నూనె వాసన గల ఆ రుమాలు ఎడారి యెండకు తలను చల్లగా నుంచునని వారు కొనెడివారు. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు నుండి పెదగంజాము వరకు తీరము వెంబడి బకింగుహాము కాలువ త్రవ్వబడినది. 1877-78 నాటి కరవులో కూలివారికి పనిచూపుటకై దాని భాగములు పూర్తి చేసిరి. కెరటములను దాటనక్కరలేకుండ ఉప్పు, ధాన్యము, కట్టెలు పడవలపై మద్రాసుకు పోయినవి. ఆ శతాబ్ది చివరను రైలు వచ్చి కాలువ పని కూడ కాజేసినది. కాలువ నేడు పలుచోట్ల పూడిపోయి యున్నది.

ఒంగోలు గిత్తయు ఓడ యెక్కినదే. 1868లో ఇంగ్లండుకు పోవుచున్న యొక ఓడ బ్రెజిలు దేశపు సాల్వడారు రేవున ఆగినపుడు, దానిపైనున్న ఒంగోలు జాతి జంట అచ్చటనే విక్రయింపబడినది. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోనిది గనుక ఆ దేశస్థులు ఈ జాతిని 'నెలోరి' యని పిలిచిరి. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో అధికభాగము ఈ జాతి రక్తమే. కరవది మొదలగు గ్రామముల గిత్తలు 1960 తరువాత కూడ అచ్చటికి పోయినవి.

మోటుపల్లి మట్టిలో ఇంకను సాక్ష్యములు దాగియున్నవి. జపాను దేశపు చరిత్రకారుడు నొబోరు కరాషిమా గారును వారి సహచరులును దక్షిణ హిందూదేశపు పాతరేవులలో చీనా పింగాణి పెంకులకై వెదకి, తమ పరిశీలనల గ్రంథమును 2004లో ప్రకటించిరి. వారు తిరిగిన చోట్లలో మోటుపల్లియు నొకటి. శాసనము చీనా కర్పూరమని చెప్పుచున్నది. పింగాణి పెంకు ఆ చీనా సంబంధమునకు చేతికి దొరకెడు ఋజువు. పొలములో పారకు తగిలిన పచ్చని నిగనిగల పెంకును గట్టుకు విసరివేయకుండ, ఎచ్చట దొరకినదో వ్రాసి యుంచుట పురావస్తు శాఖవారికి సులభమగును. పెంకు దొరకిన చోటు తెలియనిచో పెంకునకు సగము విలువ పోవును.

ఈ శాసనములను నగరమునకు తరలించి ప్రదర్శనశాలలో పెట్టవలెనని కొందఱి యభిప్రాయము. ఎండకు, వానకు, సున్నపు కుంచెకు దూరముగా నుండునను మాట నిజమే. మన గుడులలో పండుగ వచ్చినచో శాసనమున్న ఱాతికిని సున్నము కొట్టు వాడుక పోలేదు. అక్షరములు ఏడాది కేడాది పూడుకొనుచున్నవి. అయినను రేవునందు నిలిపిన అభయము రేవుననే చదువబడవలెనని నా కనిపించును. ఇరువది మైళ్ళ దూరము పోయినచో అది ఒక పాత ఱాయి మాత్రమే. తూర్పున కెరటముల మ్రోత వినబడుచుండగా చదివినచో దాని యర్థము వేఱు.

అచ్చటనే యొక చిన్న గదిలో ప్రదర్శన పెట్టుటకు ధనవంతు లక్కరలేదు. మాసులా పడవ నమూనా యొకటి, శాతవాహన నాణెపు అచ్చు, సరకుల పట్టికలోని గంధము, పోక, సీసము, పగడము, పట్టునూలు కొద్దికొద్దిగా గాజుసీసాలలో, చీరాల రుమాలు ఒకటి చాలును. గణపతిదేవుని శాసనపు మూలమును హల్చుగారు ఎపిగ్రాఫియా ఇండికా 1913-14 నాటి పండ్రెండవ సంపుటమున ఆంగ్లానువాదముతో ప్రకటించినారు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1948లో వ్రాసిన రెడ్డిరాజ్యముల చరిత్రమున అనపోతారెడ్డి శాసనము చర్చింపబడినది. మోటుపల్లికి సమీపముననే వేటపాలెమున 1918లో స్థాపింపబడి, 1929లో గాంధీ మహాత్ముని చేతులమీదుగా శంకుస్థాపన జరిగిన భవనముగల సారస్వత నికేతనమున్నది. పాత గ్రంథములకై దూరము పోనక్కరలేదు. ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయము ఆ రెండు శాసనముల పాఠములకు ప్రతులు తెప్పించి, సులభమైన తెలుగున భావము వ్రాయించి, పాఠశాలల కొక్కొక ప్రతి పంపవలెనని నా మనవి. ఆలయ ధర్మకర్తలు ఒప్పుకొన్నచో, అదే భావమును ఒక పలకపై వ్రాయించి కంబము ప్రక్కన నిలుపవచ్చును. సున్నము కొట్టువారు దానిని చదివిన పిమ్మట కుంచె ఎత్తుదురు.